ముక్కల లెక్క

"ముక్క లేనిదే ముద్ద దిగదు" అన్న మాట మా ఇంట్లో సామెత కాదు, రాజ్యాంగం. ఆదివారం మాంసం, బుధవారం కోడి, మధ్యలో వీధిలో చేపలవాడి కేక వినిపిస్తే చేప. ఏదీ లేని రోజున కోడిగుడ్డు అట్టు. పప్పు, వేపుడు, పచ్చడి, పెరుగు అన్నీ వరసగా బల్లమీద పెట్టినా సరే, మావారు కంచం ముందు కూచుని "ఇవాళ ఏమీ లేదా?" అంటారు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి నాలుగు రకాలు వండిన మనిషికి ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాంటి ఇంట్లోకి టోఫూ ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చెప్తాను. ఇదేదో వంటల పేజీ కాబోలనుకుని కాగితం, కలం వెతుక్కోకండి. వంట ఇందులో కొంచెమే. మిగిలిందంతా ఓ ధర్మసందేహం.

కిందటేడు మావారికి రక్తపరీక్ష చేయిస్తే కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని తేలింది. వేటమాంసం బాగా తగ్గించమన్నారు డాక్టరుగారు. మావారు బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, "మటన్ తగ్గించమన్నారోయ్. అంచేత చికెన్ పెంచుదాం" అన్నారు. ఆయన మొదట్నుంచీ లెక్కల్లో గట్టివారే.

సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి నాన్నతోపాటు కోడి తేవడానికి వెళ్ళింది. ఇంటరు చదువుతోంది. ఇన్నేళ్ళూ సంచీలోంచి తీసిన ముక్కల్నే చూసింది గానీ, ఆ ముక్కలు అంతకుముందు ఏమిటో దగ్గరగా చూళ్ళేదు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, "ఇకమీదట నాకు వద్దమ్మా" అంది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఏడవనూ లేదు. అందుకే నాకు భయం వేసింది. ఏడ్చి వద్దన్న పిల్ల రెండ్రోజుల్లో మళ్ళీ తింటుంది, నెమ్మదిగా వద్దన్న పిల్ల తినదు.

ఒకరికి డాక్టరు చెప్పాడు, ఒకరికి మనసు చెప్పింది. మధ్యలో నేను. ఇంట్లో ఎవరి అభిప్రాయం మారినా, ముందు మారాల్సింది వంటింట్లో సరుకుల చీటీ కదా!

"బదులుగా ఇది వండు" అని మా అమ్మాయే సూపర్ బజారునించి టోఫూ పొట్లం తెచ్చింది. తెల్లగా, చల్లగా, నీళ్ళలో నానుతూ ఉంది. చూస్తే పనీరు, ముట్టుకుంటే జున్ను. మా అత్తగారు వేలితో నొక్కి, చిన్న ముక్క నోట్లో వేసుకుని, "జున్నుకి బెల్లమన్నా ఉంటుంది. దీనికేముంది?" అన్నారు.

ఆవిడ తీర్పు నిజమే. దానికేమీ లేదు. ఆ సంగతి తెలియక, మటన్‌కి వేసే మసాలా అంతా దట్టించి, ముక్కలు కోసి పులుసులో పడేశాను. అరగంట ఉడికాక పులుసు దారి పులుసుది, ముక్క దారి ముక్కది. పైన ఘాటు, లోపల చప్పటి నీళ్ళు. మావారు ఒక్కటి కొరికి, "పలక తుడిచే స్పాంజి ముక్కలు చిన్నప్పుడు తినేవాణ్ణి. మళ్ళీ గుర్తు చేశావు" అన్నారు. మా అమ్మాయి మాత్రం, తానే కోరింది కనక, గుటుక్కుమని మింగింది.

పంతం కొద్దీ అసలిదేమిటో తెలుసుకున్నాను. సోయా గింజలు నానబెట్టి రుబ్బి, పాలు తీసి, బాగా మరగకాచి, పాలు విరగ్గొట్టి పనీరు చేసినట్టే విరగ్గొడతారు. మనం నిమ్మరసం పిండితే, చైనావాళ్ళు జిప్సం పొడి వాడతారు, జపానువాళ్ళు సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీశాక మిగిలే చేదునీరు వాడతారు. ఆ విరుగుడుని గుడ్డలో కట్టి బరువు పెడితే టోఫూ. రెండువేల ఏళ్ళ కిందట ల్యూ ఆన్ అనే రాజకుమారుడు దీన్ని కనిపెట్టాడని చైనాలో ఓ కథ ఉందిట. రాజకుమారుడే రుబ్బాడో, వంటింట్లో ఆడవాళ్ళు రుబ్బితే ఆయన పేరు పెట్టారో మనకి తెలీదు. మనం పెళ్ళిళ్ళ పలావుల్లో వేసే మీల్ మేకరు కూడా సోయాదే. నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారు. అంచేత టోఫూ మనకి మరీ పరాయిదేమీ కాదు, మీల్ మేకరుకి అక్కగారు.

సోయా గింజలో నూటికి 36 నుంచి 40 పాళ్ళు మాంసకృత్తులే. ఈ మాట చెప్తే మావారు నమ్మలేదు. "మాంసకృత్తులన్న మాటలోనే మాంసం ఉంటే గింజలోకెలా వచ్చాయి?" అని వాదన. 100 గ్రాముల గట్టి టోఫూలో 10 నుంచి 15 గ్రాముల దాకా ఉంటాయి. వండిన కోడిమాంసంలో పాతిక దాకా ఉంటాయి, అదీ నిజమే. మనకి నచ్చిన పక్షాన్నే చెప్పి రెండో పక్షం దాచకూడదు కదా. (ఈ దాచడం గురించి ముందుముందు నా పరువు పోయే కథ ఒకటి ఉంది.)

గట్టి టోఫూలో కూడా దాదాపు ముప్పాతిక భాగం నీరే. ఆ నీరు పోతేగాని ఉప్పూ కారం లోపలికి పోవు. ఇదే అసలు కిటుకు. గుడ్డలో చుట్టి, పైన కుక్కరు నిండా నీళ్ళు పోసి పెడితే అరగంటలో దిగిపోతుంది. ఇంకో పద్ధతి నాకు మరీ నచ్చింది. టోఫూని ఫ్రిజ్‌లో మంచుగడ్డ కట్టించి, మళ్ళీ కరగనిచ్చి, రెండు అరచేతుల మధ్య పిండాలి. లోపలంతా తేనెపట్టులా సందులు పడి, పులుసుని పీల్చుకుంటుంది, నమలడానికీ కాస్త పట్టు ఉంటుంది. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, పెనంమీద ఎర్రగా వేయించి, ఆఖర్న గోంగూరలో వేస్తే పులుపు ముక్క నడిమి దాకా పోతుంది. చేత్తో చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో పొరటు చేస్తే కోడిగుడ్డు పొరటుకి చెల్లెలే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, మనలో ఇంటికొకరం ఉన్నాం కదా, మాత్రకీ సోయాకీ మధ్య కొన్ని గంటలు ఎడం పాటించాలి. సోయా ఆ మందుని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఎంత ఎడమన్నది మీ డాక్టరుగారినే అడగండి.

వంట ఇంతే. ఇంక సందేహంలోకి వద్దాం.

గోంగూర టోఫూ కాస్త కుదిరాక, వారంలో మాంసం రోజులు తగ్గిద్దామన్నాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పేపరు మడిచారంటే వాదన గట్టిదన్నమాట.

"చూడు, చంపడం తప్పనుకుంటే పూర్తిగా మానెయ్యి. అమ్మాయి అదే చేసింది, దానికి నేను దండం పెడతాను. తప్పు కాదనుకుంటే హాయిగా తిను. వారానికి అయిదు రోజులు తప్పు, రెండు రోజులు ఒప్పు, ఇదెక్కడి ధర్మం? దొంగతనం తగ్గిస్తానన్న దొంగని మెచ్చుకుంటావా?"

నిజం చెప్పొద్దూ, రెండు రోజులు నాకు జవాబు దొరకలేదు. మూడోరోజు, ఆఫీసునించి రాగానే ఆయన చెప్పులు కనపడలేదని కేకలేస్తుంటే దొరికింది.

"ఏమండీ, కోపం తగ్గించుకోమని పెళ్ళయినప్పట్నించీ చెప్తున్నాను. తగ్గించుకుంటానని మీరూ అంటూనే ఉన్నారు. 'తగ్గించడమేమిటి, మానితే పూర్తిగా మానేస్తా, లేకపోతే రోజంతా అరుస్తా' అని ఎప్పుడూ అనలేదే? మీరు రోజుకి నాలుగుసార్లు అరిచేది రెండుసార్లు అరిచినా నా ప్రాణానికి హాయే. సిద్ధాంతం పూర్తయిందా సగమైందా అని నేను చూసుకోను."

కోడి కూడా చూసుకోదనే నా ఉద్దేశం. వారానికి రెండు కోళ్ళు తెచ్చే ఇంట్లో ఒకటే తెస్తే, ఏడాదికి 52 కోళ్ళు. ఆ యాభైరెండింటికీ మా ఇంట్లో ధర్మం సంపూర్ణంగా ఉందా, వెలితిగా ఉందా అన్నది అనవసరం. పూర్తిగా మంచివాళ్ళం కాలేమన్న సాకుతో కాస్తంత మంచి కూడా మానేయడం మనకి బాగా అలవాటైన తప్పించుకోవడం.

పైగా తగ్గించడమన్నది మనకి కొత్తా? శనివారం తినం, కార్తీకమాసం తినం. కాకపోతే ఆ నెలంతా లెక్క పెట్టుకుంటూ కూచుంటాం. పోలి పాడ్యమినాడు తెల్లారగట్ల పోలిని స్వర్గానికి పంపి, మధ్యాహ్నానికల్లా దాని వెనకాలే ఓ కోడినీ పంపుతాం.

నా చిన్నతనంలో మా ఊళ్ళో కోడి అంటే అల్లుడైనా రావాలి, పండగైనా రావాలి. పెరట్లో తిరిగే కోడిని పిల్లలం పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఇంటికి రోజూ కోడి రావడమన్నది మన కళ్ళముందు పుట్టిన అలవాటే. 1971లో బి.వి. రావుగారు పూణేలో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఆ తర్వాత్తర్వాత మన జిల్లాల్లో షెడ్లు వెలిశాయి, ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలరు వచ్చింది, పండగ వంటకం కాస్తా బుధవారం కూరయింది. అది తప్పని నేననను. దానివల్ల ఎందరో పిల్లలకి గుడ్డూ మాంసం అందాయి, ఎన్నో కుటుంబాలు బతికాయి. కానీ ఆ కోడి తినే దాణా ఏమిటో తెలుసా? ముఖ్యంగా మొక్కజొన్న, సోయా పిండి. కిలో బరువు పెరగడానికి అది కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా తింటుంది. అంటే మనం ఇదివరకే సోయా తింటున్నాం, కాకపోతే కోడి చేత తినిపించి, ఆ కోడిని తింటున్నాం. టోఫూ దగ్గరదారి.

ఇంతవరకూ వాదనలో నేనే గెలిచాను. ఆ గెలుపే నా కొంప ముంచింది.

మొదట, పక్కింటి పిన్నిగారు సంతోషించారు. వాళ్ళు తరతరాలుగా శాకాహారులు. నాకు వడియాలు పంపే మంచి మనిషి. "ఇన్నాళ్ళకి మా దారికొచ్చావమ్మా. తిండిని బట్టే బుద్ధి" అన్నారు. మెప్పుకోలే గానీ నా గొంతులో ముల్లులా దిగింది. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మంది మాంసం తినేవాళ్ళే. ఇంతమందికీ బుద్ధి లేదా? మా అమ్మకి లేదా? ఎంతోమందికి వాళ్ళు తినే తిండిని బట్టే కంచం వేరు, గ్లాసు వేరు, కూచునే చోటు వేరు చేసిన చరిత్ర మనది. ఒక కోడిని తక్కువ చంపి ఒక మనిషిని తక్కువ చూస్తే లెక్క ఎక్కడ తేలుతుంది?

ఇలా ఆలోచించానా, మర్నాడు నేనే ఆ పని చేశాను. అంట్లు తోముతున్న మా పనిమనిషితో, "మాంసం ఎక్కువ తినకూడదే, ఒంటికి మంచిది కాదు" అని మొదలుపెట్టాను. ఆవిడ గిన్నె తోముతూనే, "మాకు ఆదివారమొక్కరోజే కదమ్మా. ఆరుగురికి అరకిలో. అందులో ఏం తగ్గించమంటారు?" అంది.

నాలుక కరుచుకున్నాను. తగ్గించమన్న మాట నిండుగా ఉన్న కంచానికి చెప్పాల్సింది. సంగతి తెలిసిందనే అనుకున్నాను. కానీ పనిమనిషి విషయంలో తెలిసింది, నా ఇంట్లో మనిషి విషయంలో తెలియలేదు. అది తెలియడానికి ఖీమా కావాల్సొచ్చింది.

వాదనలో నెగ్గినా మావారు దారికి రాలేదని, నేనో ఉపాయం పన్నాను. మంచు కట్టించి పిండిన టోఫూని సన్నగా చిదిపి, నూనెలో గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ఆదివారం ఖీమాలో కలిపేశాను. మొదటివారం పాతిక వంతు. ఎవరూ కనిపెట్టలేదు. రెండోవారం మూడో వంతు. మూడోవారం సగానికి సగం. "ఇవాళ ఖీమా వెన్నలా ఉందోయ్" అన్నారు మావారు. నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాపుకున్నాం. ఆయన గుండెకి మంచిది, మేకకి మంచిది, ఇంకెవరికి నష్టం? మంచికోసం ఆడిన అబద్ధానికి దోషం లేదని పెద్దలే అన్నారు కదా అని సరిపెట్టుకున్నాను.

అయిదో ఆదివారం నేను టోఫూ చిదుపుతుంటే మా అత్తగారు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చారు. గిన్నెలోకి చూశారు. నా చేతుల్లోకి చూశారు. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. భోజనాల దగ్గర ఏమీ అనలేదు. కొడుకుకీ చెప్పలేదు. పెట్టింది పెట్టినట్టు తిని చెయ్యి కడుక్కున్నారు.

సాయంత్రం వరండాలో తోటకూర బాగుచేస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"నేను కాపరానికొచ్చినప్పుడు ఇంట్లో పధ్నాలుగుమందిమమ్మాయ్. కోడి ఒక్కటే. మామగారికి, బావగార్లకి, మరుదులకి ముందు వడ్డన. తర్వాత పిల్లలు. కార్జం ఒకరికి, కందనకాయ ఒకరికి, కాళ్ళు ఇద్దరికి. ఆడవాళ్ళం కూచునేసరికి మెడముక్క ఒకటో రెండో, లేకపోతే పులుసు. కోసిందీ మేమే, కడిగిందీ మేమే, వండిందీ మేమే. తినొద్దని ఎవరూ అన్లేదు. 'మీకుందా?' అని అడిగినవాళ్ళూ లేరు. మా అత్తగారు గిన్నె వంచి చూపించి, 'రుచంతా పులుసులోనే ఉంటుందే' అనేది. నిజమే కాబోలనుకునేదాన్ని."

నాలుగు ఆకులు తుంచారు.

"నా కంచంలో ముక్క తగ్గడం నాకేం కొత్త కాదు. చెప్పకుండా తగ్గించడమూ కొత్త కాదు. నువ్వు చదువుకున్నదానివి కదా, నువ్వయినా చెప్తావనుకున్నాను. అంతే."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆ "అంతే" కి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. మావారికి డాక్టరు చెప్పాడు. మా అమ్మాయికి మనసు చెప్పింది. మరి మా అత్తగారికి ఎవరు చెప్పారు? ఆవిడని తగ్గించమన్నదెవరు? వయసు మళ్ళినవాళ్ళకి కండ కరిగిపోకుండా మాంసకృత్తులు సరిగ్గా అందాలని డాక్టర్లే అంటారు. బి12 విటమిన్ ఉండేది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే. మామూలు టోఫూలో అది లేదు. ఇవేవీ ఆలోచించకుండా, ఇంటందరి కంచాలనీ ఒకే గరిటెతో సరిచేశాను.

మా అత్తగారు జీవితమంతా మాంసం తక్కువే తిన్నారు. దాన్నెవరూ వ్రతమనలేదు, నిగ్రహమనలేదు, జీవకారుణ్యమనలేదు. దానికి పేరే లేదు. అదే తక్కువని ఈనాడు నేను తింటే ఆదర్శమంటున్నారు. కంచంలో ఉన్నది రెండుచోట్లా ఒకటే. తేడా ఎక్కడుందంటే, గరిటె ఎవరి చేతిలో ఉందన్న దగ్గర ఉంది. ఎవరి కంచంలోంచి వాళ్ళు తీసుకుంటే అది త్యాగం. ఇంకొకరి కంచంలోంచి మనం తీస్తే, ఎంత మంచి పేరు పెట్టినా అది తీసుకోవడమే. ఆ కాలంలో గరిటె ఆవిడ అత్తగారి చేతిలో ఉండేది. ఇప్పుడు నా చేతికొచ్చింది. గరిటె మారింది గానీ వడ్డన మారలేదు.

అప్పుడు గాంధీగారు గుర్తుకొచ్చారు. చిన్నతనంలో రాజకోటలో స్నేహితుడి మాట విని ఆయన కొన్నాళ్ళు ఇంట్లో తెలీకుండా మాంసం తిన్నారు. తర్వాత మానేశారు. ఎందుకు మానేశారన్నది నేనెప్పుడో ఆయన ఆత్మకథలో చదివి దాటేశాను. మాంసం తినడం తప్పని తోచి కాదు; తింటే బలం వస్తుందనే అప్పటికింకా నమ్ముతున్నారు. తల్లితో అబద్ధమాడాల్సి వస్తోందని మానేశారు. ఆయన అబద్ధమాడి మాంసం తిన్నారు, నేను అబద్ధమాడి మాంసం తగ్గించాను. దారులు ఎదురెదురు, మధ్యలో అబద్ధం ఒకటే. ఆ గాంధీగారే 1935లో వార్ధాలో సోయా గింజలు వండించి, తను తిని, తోటివాళ్ళకి పెట్టి, ఆ సంగతులు తన 'హరిజన్' పత్రికలో రాశారు. ఎవరికీ తెలీకుండా పప్పులో కలపలేదు!

మర్నాడు మావారికి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే నాలుగైదు వారాలు నన్ను వెధవని చేశారన్నమాట, తల్లీ కూతురూ కలిసి" అన్నారు. తర్వాత, "మరి బాగుందేం?" అన్నారు. కోప్పడాలో, బాగుందని ఒప్పుకోవాలో ఆయనకి తేలలేదు. కానీ నేను పోగొట్టుకున్నది వెంటనే తెలిసింది. ఆ తర్వాత ఓ నెలపాటు ప్రతి ముక్కనీ వేలితో నొక్కి చూశాకే నోట్లో పెట్టుకున్నారు. సాంబారులో ములక్కాడని కూడా ఎత్తి చూసేవారు. ఇన్నేళ్ళ కాపరంలో నా చేతివంటని ఆయన అనుమానంగా చూడ్డం అదే మొదలు. కొలెస్టరాల్ కొలవడానికి పరీక్షలున్నాయి గానీ, దీనికి లేవు.

టోఫూ విషయంలో కూడా నేను చేసిన తప్పు అదే. దాన్ని మాంసంలా వేషం వేయించాలని చూశాను. టోఫూ పుట్టిన దేశాల్లో అది ఎవరికీ మారువేషం కాదు. జపానులో 1782లోనే ఒసాకా నగరంలో వంద రకాల టోఫూ వంటలతో ఓ పుస్తకం అచ్చయింది. అది చెల్లిపోయి మరుసటేడే రెండో భాగం వేశారు. చైనాలో చెంగ్డూ నగరంలో పుట్టిన 'మాపో టోఫూ' ఉంది. అందులో టోఫూతో పాటు కొద్దిగా తరిగిన మాంసం కూడా వేస్తారు, ఎవరూ ఏదీ దాచరు. మాపో అంటే స్ఫోటకం మచ్చలున్న ముసలమ్మ అని అర్థమట. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడో పూటకూళ్ళమ్మ ఈ కూర వండేదని చెప్పుకుంటారు. కూర దేశదేశాలు తిరిగింది. వండిన మనిషికి మాత్రం మొహమ్మీద మచ్చలే పేరుగా మిగిలాయి. ఆ కథ చదివి మా అత్తగారికి వినిపిస్తే, "ఏ దేశమైనా అంతే" అన్నారు.

ఓ ఆదివారం పొద్దున్న అందరం బల్లచుట్టూ కూచున్నాం. ఎవరి కంచం గురించి వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళ కంచం గురించి మాట్లాడకూడదు అని నియమం పెట్టుకున్నాం. మా అమ్మాయి తనకేదీ వద్దంది, అలాగని తనకోసం ఎవర్నీ మానమనలేదు. మావారు చాలాసేపు గీసి గీసి బేరమాడి, మటన్ నెలకోసారి, కోడి ఆదివారం మాత్రమే, బుధవారం గోంగూర టోఫూకి ఒప్పుకున్నారు. మటన్ నెలలో మాత్రం ఖీమాలో సగం టోఫూ, అదీ తన కళ్ళముందు కలపాలిట. నేను ఆదివారం ఒక్కరోజు తింటానన్నాను. పూర్తిగా మానేసేంత గొప్పదాన్ని కాను, లేనట్టు నటించేంత ఓపికా లేదు.

ఆఖర్న మా అత్తగారి వంతొచ్చింది. ఆవిడ కొంగు సవరించుకుని, "నాకు ఆదివారం కోడి కావాలి. ముక్కలు కావాలి. పులుసు నాకక్కర్లేదు" అన్నారు.

ఇప్పుడు మా ఇంటికి కోడి సగమే వస్తోంది. ఏడాదికి ఎన్ని కోళ్ళు మిగిలాయో మా అమ్మాయి లెక్క కడుతూనే ఉంటుంది. మిగిలిన సగంలో మాత్రం మొదటి వడ్డన మా అత్తగారికి. మొదటి ఆదివారం కార్జం, కాలుముక్క ఆవిడ కంచంలో వేస్తే, అలవాటు కొద్దీ కాలుముక్క తీసి కొడుకు కంచం వైపు చెయ్యి చాపారు. మావారు కంచం పక్కకి జరుపుకుని, "డాక్టరు తగ్గించమన్నాడే అమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం నేను వినడం అదే మొదలు.

ఆవిడ నెమ్మదిగా తిన్నారు. ఎముక కూడా వదలకుండా తిన్నారు. తిని, "మొన్న వండావే ఆ తెల్లముక్కల గోంగూర, ఏమన్నా మిగిలిందా? కాస్త వెయ్యి" అన్నారు. వేశాను. ముద్ద కలుపుకుంటూ మధ్యలో ఆగి, ఎంగిలి చెయ్యి పక్కన పెట్టి, ఎడంచేత్తో కోడికూర గిన్నె తనవైపు వంచి లోపలికి చూశారు.

"నీకుందా అమ్మాయ్?" అన్నారు.

"ఉందత్తయ్యా" అన్నాను. నిజంగానే ఉంది.